ఫోల్డ్‌స్కోప్: బెంచీకి ఒక మైక్రోస్కోపు

మా హైస్కూల్లో మైక్రోస్కోపు ఉంది, బీరువాలో. బయటికి తీసినా ఒక్కటే కాబట్టి పిల్లలు వరసలో నిలబడి తలా ఒకసారి తొంగి చూస్తారు. ఏం కనబడిందో గీయమంటే పాఠ్యపుస్తకంలో బొమ్మ దించేస్తారు. అందుకే ఎనిమిదో తరగతి కోసం ఫోల్డ్‌స్కోప్‌లు తెప్పించాను.

ఇది మడతపెట్టి చేసుకునే కాగితం మైక్రోస్కోపు. స్టాన్‌ఫర్డ్‌లో మను ప్రకాశ్, జిమ్ సిబుల్‌స్కీ రూపొందించారు; 2014లో బయటికొచ్చింది. గోళీలాంటి చిన్న కటకం 140 రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. కాగితం నీళ్లకు తడవదు. అయస్కాంతంతో ఫోన్ కెమెరాకు అతికించుకోవచ్చు.

దీనితో పత్రరంధ్రాల (ఆకుకు గాలి అందే సన్నని రంధ్రాల) పాఠం మొదలుపెట్టాను. మందారాకుకు రంధ్రాలు పైన ఎక్కువా, కింద ఎక్కువా? చూసే ముందే ఊహ, దానికి కారణం నోట్సులో రాయమన్నాను. ఎండ పైనే పడుతుంది కాబట్టి పైనే అని చాలామంది రాశారు. ఆకుకు రెండువైపులా రంగులేని నెయిల్ పాలిష్ పూసి, ఆరాక సెల్లోటేపుతో ఊడదీసి, స్లైడు మీద అతికించారు. పైవైపు అచ్చులో వెతుక్కోవాల్సి వచ్చింది. కిందివైపు అచ్చులో ఎటు చూసినా రంధ్రాలే.

రంధ్రాలు లెక్కపెడుతున్నప్పుడు, బొమ్మ అంచున సగమే కనబడే రంధ్రాన్ని లెక్కలో వేయాలా వద్దా అని వెనక బెంచీలో పెద్ద గొడవ. ఎడమ అంచువి కలపాలి, కుడి అంచువి వదిలేయాలి అని వాళ్లే రూలు పెట్టుకున్నారు. నేను గంటసేపు పాఠం చెప్పినా ఆ మాట వాళ్ల నోట వచ్చేది కాదు.

"టీచర్, అన్ని ఆకులకూ ఇంతేనా?" అని ఒకడు అడిగాడు. మర్నాడు చెరువు నుంచి కలువాకు వచ్చింది. ఈసారి అందరూ కింద అని రాశారు. రంధ్రాలు పైన ఉన్నాయి! "కింద నీళ్లే కదా, గాలి ఎట్లా అందుద్ది?" అని ఒక అమ్మాయి తేల్చేసింది. పరికల్పన (పరీక్షించి చూసే ఊహ) అనే మాట బోర్డు మీద అప్పుడు రాశాను.

పరిమితులూ ఉన్నాయి. చేత్తో పట్టుకుని వెలుతురు వైపు చూడాలి కాబట్టి చెయ్యి కదిలితే బొమ్మా కదులుతుంది. బొటనవేళ్లతో నెట్టి ఫోకస్ చేయడం అలవాటయ్యేదాకా పిల్లలు విసుక్కుంటారు. పెరుగులో బ్యాక్టీరియా స్పష్టంగా కనబడుతుందని ఆశ పెట్టుకోకండి. సూర్యుడి వైపు మాత్రం అస్సలు తిప్పనివ్వొద్దు.

పనిముట్లతో వచ్చే పెద్ద కిట్టు ఒకటి కొనే బదులు మామూలువే బెంచీకొకటి వచ్చేలా తీసుకోండి. నెయిల్ పాలిష్ మన జేబులోంచే. రంగులేనిదే కొనండి, ఎర్రది తెస్తే సగం సీసా గోళ్లకే పోతుంది.