కౌంటీ మధ్యగత ఆదాయం: ఏడాది ఏసీఎస్, ఐదేళ్ల ఏసీఎస్, ఎస్ఏఐపీఈ... ఏది మేలు?

అమెరికాలో ఒక కౌంటీ (మన జిల్లా లాంటిది) మధ్యగత హౌస్‌హోల్డ్ ఆదాయం ఎంతని వెతికితే, ఒక్క సెన్సస్ బ్యూరో (జనగణన సంస్థ) నుంచే మూడు అంకెలు దొరుకుతాయి: ఏసీఎస్ అనే సర్వే ఇచ్చే ఏడాది అంచనా, ఐదేళ్ల అంచనా, ఎస్ఏఐపీఈ అనే మోడల్ అంచనా. సగం ఇళ్ల ఆదాయం ఈ అంకెకు పైన, సగం ఇళ్లది కింద ఉంటుందన్న అర్థం మూడింటికీ ఒకటే. కాలం, నమూనా, లెక్క కట్టే తీరు వేరు.

అమెరికన్ కమ్యూనిటీ సర్వే (ఏసీఎస్) ఏటా దాదాపు 35 లక్షల చిరునామాలకు వెళ్తుంది. అందులో ఏడాది అంచనా 65,000 జనాభా దాటిన కౌంటీలకే ఇస్తారు. అంటే 3,140కి పైగా ఉన్న కౌంటీల్లో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ మాత్రమే. వర్జీనియాలోని లౌడన్, టెక్సాస్‌లోని కాలిన్ వంటి తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న కౌంటీలకైతే ఇదే సరైనది: నమూనా పెద్దది, అంకె తాజాది. 2020కి మాత్రం కోవిడ్ వల్ల జవాబులు సరిగా రాక మామూలు ఏడాది అంచనాలు విడుదల చేయలేదు. ట్రెండ్ గీసేటప్పుడు ఆ ఏడాదిని ఖాళీగా వదిలేయండి, మధ్యలో అంకె పూరించకండి.

ఐదేళ్ల ఏసీఎస్ ప్రతి కౌంటీకీ ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. 2019–2023 అంచనా అంటే 2023 ఆదాయం కాదు. ఐదేళ్ల జవాబులనూ ఒకచోట కలిపి, డాలర్లను 2023 ధరలకు మార్చి, ఒకే మధ్యగతం తీస్తారు. కోవిడ్‌కు ముందున్న జీతాలూ అందులో ఉంటాయి. ఫ్యాక్టరీ మూతపడిన కౌంటీలో ఆ దెబ్బ ఈ అంకెలో నెమ్మదిగా కనబడుతుంది. 2018–2022ని 2019–2023తో పోలిస్తే నాలుగేళ్ల డేటా రెండింట్లోనూ ఉంటుంది, ఆ పోలిక అక్కరకు రాదు. 2014–2018ని 2019–2023తో పోల్చండి, డాలర్లను ఒకే ఏడాదికి మార్చాక.

చిన్న కౌంటీల్లో ఐదేళ్లు కలిపినా మార్జిన్ ఆఫ్ ఎర్రర్ (అంచనా అటూఇటూ ఎంత తప్పొచ్చో చెప్పే అంకె) పెద్దగానే ఉంటుంది. ఒక కౌంటీలో 58,000 ± 9,400 డాలర్లు, పక్క కౌంటీలో 66,000 ± 3,000 ఉన్నాయనుకుందాం. తేడా 8,000. రెండు మార్జిన్‌లనూ వర్గం చేసి, కూడి, వర్గమూలం తీస్తే సుమారు 9,870. తేడా అంతకంటే తక్కువ కాబట్టి రెండో కౌంటీ ధనికమని చెప్పడానికి ఈ డేటా చాలదు. ఏసీఎస్ మార్జిన్‌లు 90 శాతం స్థాయివి. స్టాండర్డ్ ఎర్రర్ (అనిశ్చితికి మూల కొలత) కావాలంటే 1.645తో భాగించాలి, 95 శాతం స్థాయికి వాడే 1.96తో కాదు.

ఫలానా ఏడాదికి అన్ని కౌంటీలనూ ఒకే వరసలో పెట్టాలంటే మాత్రం స్మాల్ ఏరియా ఇన్‌కమ్ అండ్ పావర్టీ ఎస్టిమేట్స్ (ఎస్ఏఐపీఈ) మేలు. దీన్ని వాడాల్సినంతగా వాడటం లేదు. ఇది ఏడాది ఏసీఎస్ అంకెను తీసుకుని, పన్ను రిటర్నుల్లోని ఆదాయం వంటి ప్రభుత్వ రికార్డుల నుంచి మోడల్ చెప్పే అంకెతో కలుపుతుంది. నమూనా పెద్దదైతే సర్వే వైపు, చిన్నదైతే మోడల్ వైపు మొగ్గుతుంది. అందుకే చిన్న కౌంటీలకు ఒంటరి సర్వే కంటే నిలకడగా ఉంటుంది. కానీ రెండు పరిమితులున్నాయి. జాతి, వయసు, సొంతిల్లు-అద్దె వారీగా విడగొట్టి ఇవ్వదు. వాటికి ఐదేళ్ల ఏసీఎస్ తప్పదు. ఇంకోటి, పన్ను రిటర్నుల ఆదాయం మోడల్ లోపలే ఉంది కాబట్టి, మీ రిగ్రెషన్‌లో (ఒక అంశాన్ని ఇతర అంశాలతో వివరించే గణాంక పద్ధతిలో) దానితోనే ఎస్ఏఐపీఈ ఆదాయాన్ని వివరించబోతే పెట్టినదే తిరిగి వస్తుంది.

తలసరి పర్సనల్ ఇన్‌కమ్‌ను వీటికి బదులుగా వాడకండి. అది సగటు, పైగా యజమాని కట్టే బీమా, మెడికేర్ (ప్రధానంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) కూడా అందులో కలుస్తాయి. హెచ్‌యూడీ (అమెరికా గృహనిర్మాణ శాఖ) వాళ్ల మీడియన్ ఫ్యామిలీ ఇన్‌కమ్ కూడా వేరే లెక్కే. ఒంటరిగా ఉండేవాళ్లు హౌస్‌హోల్డ్‌లో వస్తారు, ఫ్యామిలీలో రారు.

రెండు కౌంటీలు కలిపి ఒకే అంకె కావాలంటే మధ్యగతాల సగటు తీయకూడదు. ఏసీఎస్ బి19001 పట్టికలో ఆదాయాన్ని 16 తరగతులుగా ఇస్తారు, రెండు కౌంటీల తరగతులనూ కూడండి. మొత్తం 20,000 ఇళ్లయితే 10,000వ ఇల్లు ఎక్కడ పడుతుందో చూడాలి. 50,000 లోపు 9,200 ఇళ్లు, 50,000–59,999 తరగతిలో 1,600 ఇళ్లు ఉంటే, ఇంకా 800 కావాలి. 800ని 1,600తో భాగించి, తరగతి వెడల్పు 10,000 డాలర్లతో గుణిస్తే 5,000. దాన్ని తరగతి మొదలైన 50,000కు కలపాలి. మధ్యగతం 55,000 డాలర్లు.

డేటా దించుకున్నాక సగటు తీసేలోపు -666666666 ఉందేమో వెతకండి. అది ఆదాయం కాదు, అంచనా ఇవ్వలేదనే గుర్తు. మధ్యగతం 2,50,000 దాటితే అసలు అంకె బదులు "2,50,000+" అనే వస్తుంది. కౌంటీ కోడ్‌ను (ప్రతి కౌంటీకి ఇచ్చే ఐదంకెల గుర్తింపు సంఖ్య) టెక్స్ట్‌గానే తెరవండి, లేకపోతే ఎక్సెల్ అలబామాలోని ఆటాగా కౌంటీ 01001ని 1001 చేసేస్తుంది, వేరే పట్టికతో జోడించేటప్పుడు ఆ వరస పోతుంది. సౌత్ డకోటాలో షానన్ కౌంటీ (46113) 2015లో ఓగ్లాలా లకోటా (46102) అయింది. కనెక్టికట్‌కు 2022 ఏసీఎస్ నుంచి పాత 8 కౌంటీల స్థానంలో 9 ప్లానింగ్ రీజియన్లు వచ్చాయి. హద్దులే మారాయి కాబట్టి అక్కడ పాత కోడ్‌కు కొత్త కోడ్ రాసి సరిపెట్టలేరు; పట్టణాల స్థాయి తరగతులను కూడి, పైన చెప్పిన పద్ధతిలో మధ్యగతం మళ్లీ కట్టాలి.