వాబుల్ అంటే ఏంటో సరిగ్గా చెప్పిన డిక్షనరీ: ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ వెబ్‌సైట్ రివ్యూ

ఇంటర్ పిల్లలకి ఇంగ్లీష్ ట్యూషన్ చెప్తుంటాను, పక్కన ఫోన్‌లో ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్ డిక్షనరీ ఎప్పుడూ ఓపెన్ చేసే ఉంటుంది. ఫ్రీగానే చూడొచ్చు. డిక్షనరీ పనితనం తెలియాలంటే నోరు తిరగని పెద్ద మాటలు కాదు, చిన్న మాట కొట్టి చూడాలి, వాబుల్ (wobble) లాంటిది.

ఇంతకుముందు ఒక ఇంగ్లీష్-తెలుగు యాప్‌లో చూస్తే "అస్థిరత్వం" అని ఒక్క ముక్క ఇచ్చి ఊరుకుంది. కుర్చీకీ అదే, ప్రభుత్వానికీ అదే, ఇక పిల్లలు దాంతో వాక్యం ఏం రాస్తారు చెప్పండి.

ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి అర్థమే నిలకడ లేకుండా అటూ ఇటూ ఊగడం అని ఉంటుంది, ఈ అటూ ఇటూ అన్నదే దీనికి ప్రాణం. సైకిల్ చక్రానికి బెండు వచ్చినప్పుడు ఊగుతుంది చూడండి, అదీ వాబుల్. తాగినవాడు తూలితే స్టాగర్, చలికి వణికితే షివర్, ఎప్పుడు విరుగుతుందో తెలీని పాత కుర్చీ అయితే రికెటీ, ఇది రికెట్స్ అనే ఎముకల జబ్బు పేరు నుంచి వచ్చింది. లండన్‌లో మిలీనియం బ్రిడ్జ్‌ని 2000 జూన్‌లో తెరిస్తే జనం నడకకి పక్కలకి ఊగడం మొదలుపెట్టింది, రెండు రోజులకే మూసేసి, ఊపు తగ్గించే డ్యాంపర్లు బిగించి 2002లో మళ్ళీ తెరిచారు, అక్కడివాళ్ళు దాన్ని వాబ్లీ బ్రిడ్జ్ అనే పిలిచారు.

మా పిల్లలకి మాత్రం క్రికెట్‌తోనే బుర్రకెక్కింది. మన సిరాజ్ వేసే వాబుల్ సీమ్ ఉంది కదా, అందులో బంతి కుట్టు నిటారుగా నిలబడకుండా గాల్లో అటూ ఇటూ కదులుతూ వస్తుంది, పిచ్ మీద పడ్డాక లోపలికొస్తుందో బయటికెళ్తుందో బ్యాట్స్‌మనే కాదు బౌలర్ కూడా ముందే చెప్పలేడు. ఆ మాట అనగానే క్లాసంతా లేచి కూర్చుంది!

ఇంకో అర్థం మనసుది. ఒక పనికి సరేనని ఆఖర్లో ధైర్యం సడలి ఊగిసలాడడాన్ని కూడా వాబుల్ అనే అంటారు, అది కూడా వివరంగా ఇచ్చారు. బ్రిటిష్, అమెరికన్ ఉచ్చారణలు రెండూ నొక్కి వినొచ్చు, మాట పుట్టుక కూడా ఉంది, 17వ శతాబ్దం నాటిది, వేవ్ అనే మాటకి చుట్టం.

ఇంత తేలిగ్గా అర్థమవడానికి కారణం ఉంది. దీనికి మూలమైన డిక్షనరీ చేసిన హార్న్‌బీ జపాన్‌లో పిల్లలకి ఇంగ్లీష్ చెప్పిన టీచరు, 1942లో అక్కడే మొదట అచ్చయింది, అంటే మొదటి నుంచీ ఇంగ్లీష్ ఇంట్లో మాట్లాడని మనలాంటివాళ్ళ కోసమే కట్టింది.

తెలుగు అర్థం మాత్రం ఇందులో ఉండదు, దానికి ఆంధ్రభారతి సైట్ పక్కన పెట్టుకోండి, తూలు అని కొడితే శబ్దరత్నాకరం, బ్రౌన్ లాంటి నిఘంటువులన్నీ ఒకేచోట చూపిస్తుంది. ఇంటర్, డిగ్రీ పిల్లలకి, ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళకి కళ్ళు మూసుకుని చెప్తాను, ఐదుకి ఐదు. ఐదో క్లాసు లోపు పిల్లలకైతే పక్కన పెద్దవాళ్ళు కూర్చోవాల్సిందే.