.22 రైఫిల్ బ్యారెల్: 18 వేల తూటాల తర్వాత

శ్రీకాకుళంలో ఎనిమిదేళ్లుగా 50 మీటర్ల సాధనకు వాడుతున్న బోల్టు రైఫిల్ ఇది. ఇప్పటికి 18 వేల తూటాలు పేలాయి, బ్యారెల్ ఇంకా మార్చలేదు. ఇన్నేళ్ల వాడకంలో తేలిందొకటే: మన తీరంలో ఈ బ్యారెల్‌ని ముందు తినేది తూటా కాదు, ఉప్పుగాలి. ఆ తర్వాత, శుభ్రం చేసే కడ్డీ.

.22 (సుమారు 0.22 అంగుళాల వ్యాసం) తూటా మెత్తటి సీసం, మందు చిటికెడే. అందుకే ఎక్కువ మందుతో పేలే .30-06 రైఫిల్ బ్యారెల్ కొన్ని వేల తూటాలకే గొంతు (తూటా గొట్టంలోకి దూరే చోటు) దగ్గర దెబ్బతింటే, ఇది పదుల వేలు తట్టుకుంటుంది. అరిగినా ఛాంబర్ (తూటా కూర్చునే గది) దాటిన మొదటి అంగుళంలోనే, అదీ అడుగువైపు ఎక్కువ. ప్రైమింగ్ మందులో (తూటాకి నిప్పు అంటించే మందులో) కలిపే గాజుపొడి అక్కడ మిగిలిపోయి, తర్వాతి తూటా కింద నలిగి లోహాన్ని గీకుతుంది.

గ్రూపు (టార్గెట్ మీద తూటాలు పడ్డ గుంపు) విచ్చుకోగానే బ్యారెల్‌ని అనుమానించొద్దు. ముందు స్టాకు స్క్రూలు, స్కోపు మౌంటు బిగించండి. రెస్ట్ (రైఫిల్‌ని ఆనించే దిమ్మ) మీద నుంచి ఒకే లాట్‌తో, అంటే ఒకే విడతలో తయారైన తూటాలతో, ఐదేసి తూటాల గ్రూపులు ఐదు వేసి సగటు తీయండి. ఈ రైఫిల్‌కి మామూలుగా 15 మిల్లీమీటర్లు వస్తుంది. పోటీ టార్గెట్‌లో పది మార్కుల వలయం 10.4 మిల్లీమీటర్లే, కాబట్టి నాలుగైదు మిల్లీమీటర్ల తేడా కూడా స్కోరులో తెలుస్తుంది. మూడు లాట్లలోనూ 22 దాటితేనే లోపల చూడాలి.

12 వేల దగ్గర సగటు 24కి పోయింది. అది అరుగుదల కాదు, ఛాంబర్ నోట్లో ఉంగరంలా గట్టిపడిన మసి. కార్బన్ ద్రావకంలో తడిపిన గుడ్డను అక్కడ 20 నిమిషాలు ఉంచి, కంచు బ్రష్ తిప్పి, పొడిగుడ్డతో తుడిస్తే వదిలింది. శుభ్రం చేసిన వెంటనే వేసిన గ్రూపును లెక్కలోకి తీసుకోవద్దు. బ్యారెల్ కుదురుకోవడానికి ఇరవై ముప్ఫై తూటాలు పడతాయి.

లోపల చూడాలంటే ఫోనుకి తగిలించే 5.5 మిల్లీమీటర్ల కెమెరా కొనకండి, ఈ గొట్టంలో పట్టదు. 3.9 ది కావాలి. పరీక్షకు ముందు తూటా లేదని చూసుకుని బోల్టు తీసేయాలి. అరుగుదలైతే ఛాంబర్ వైపు గాడుల (తూటాని తిప్పే లోపలి చారల) అంచులు మొద్దుబారి కనిపిస్తాయి. తుప్పు గుంతలు ఎక్కడపడితే అక్కడ నల్లచుక్కల్లా ఉండి, వాటి వెనక సీసం చారలు కట్టి ఉంటాయి. మూతి అంచు మీద దూది పింజను లోపల్నుంచి బయటికి లాగండి. పోగు ఒక్కచోట చిక్కుకున్నా క్రౌన్ (ఆ మూతి అంచు) దెబ్బతిన్నట్టే. మూతివైపు నుంచి కడ్డీ దూర్చేవాళ్లకి ఇది తరచూ వస్తుంది. కడ్డీ గైడు వాడి ఛాంబర్ వైపు నుంచే తోయాలి.

అక్టోబరు, నవంబరు తుపాను రోజుల్లో నూనె రాయని బ్యారెల్‌లో మూడో రోజుకే గుడ్డ నారింజరంగులో బయటికొస్తుంది. ఫోమ్ పెట్టెలో అసలు దాచొద్దు, తేమ పట్టి ఉంచుతుంది.

మార్చక తప్పదనిపిస్తే ముందు క్రౌన్ మళ్లీ కోయించి చూడండి, ఖర్చు తక్కువ. లేత్ వర్క్‌షాపు మాట మాత్రం తలపెట్టొద్దు. ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం రిపేరుకీ లైసెన్సు ఉండాలి, 6వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా గొట్టం పొట్టి చేయకూడదు. కొత్త బ్యారెల్ రావడానికి నెలలు పడుతుంది కాబట్టి, లాట్ నంబరు, తూటాల లెక్క, గ్రూపు సగటు ఒక పుస్తకంలో రాసుకుంటూ, సగటు 20 దాటగానే ముందస్తుగా డీలరుతో మాట్లాడండి. మంచి లాట్ తూటాలు ఒక పెట్టె విడిగా దాచండి, కొత్త బ్యారెల్‌ని పాతదానితో పోల్చడానికి పనికొస్తాయి.