అమీన్‌పూర్ ఫ్లాట్‌లో నాలుగున్నరేళ్లు: నీళ్లు వదిలే వేళకి ఇంట్లో మనిషి ఉండాలి

"ఉదయం 6:45 నుంచి 7:30, సాయంత్రం 6:30 నుంచి 7:15. దయచేసి ఆ టైములోనే పట్టుకోండి." 2024 ఏప్రిల్ మొదటి వారంలో, హైదరాబాద్ శివారు అమీన్‌పూర్‌లోని మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడిన మెసేజ్ ఇది. నేను ఆఫీసుకి 6:40కి బయల్దేరతాను. సాయంత్రం ఇంటి తాళం తీసేసరికి ఎనిమిది అవుతుంది. ఇంట్లో నేను తప్ప ఇంకెవరూ లేరు. నా పేరు మీద, నా జీతంతో, ఇరవై ఏళ్ల లోనుతో కొన్న ఇంట్లో నీళ్లు వచ్చే ఆ రెండు ముప్పావు గంటలూ నేను ఉండనని ఆ రోజే తెలిసింది.

ఫ్లాటు సైజు, లిఫ్టు, పార్కింగ్, సీసీ కెమెరాల గురించి రాయను. శివారులో కొత్త అపార్ట్‌మెంట్ అంటే అవన్నీ ఉంటాయి. ఒక్కరే ఉండే మనిషి ఇల్లు కొనేటప్పుడు ఎవరూ అడగని నీళ్ల సంగతే రాస్తాను.

ముందు, ఇక్కడే ఎందుకు కొన్నానో చెప్పాలి. 2020 చివర్లో నాకు ఇరవై తొమ్మిదేళ్లు. ఆఫీసు బేగంపేటలో, అద్దె ఇల్లు విద్యానగర్‌లో. రెండు ఫ్లాట్లు చూశాను. ఒకటి నల్లకుంటలో 620 చదరపు అడుగుల సింగిల్ బెడ్‌రూమ్. 1993లో కట్టింది, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. రెండోది ఇది, అమీన్‌పూర్‌లో 1,140 అడుగుల డబుల్ బెడ్‌రూమ్. ధరలో తేడా తొమ్మిది లక్షలే. పాత బిల్డింగ్ కాబట్టి బ్యాంకు వాళ్లు నల్లకుంట ఫ్లాటుకి పన్నెండేళ్లకి మించి లోను ఇవ్వమన్నారు. దాంతో తక్కువ ధర ఫ్లాటుకే నెల వాయిదా ఎక్కువ పడుతోంది.

కానీ నా మనసు తేల్చింది వాయిదా లెక్క కాదు. నల్లకుంట ఫ్లాటు చూడటానికి నేను వెళ్లింది నవంబరులో. అక్టోబరు 13, 14 తేదీల్లో హైదరాబాద్‌ను ముంచిన వాన అప్పటికి నెల కిందటి మాట. కింది అంతస్తు గోడ మీద నా నడుము ఎత్తున మట్టి గీత అలాగే ఉంది. హుస్సేన్‌సాగర్ నాలా అటువైపుగానే మూసీకి పోతుంది. ఆ గీత చూశాక మెట్లెక్కి పైకి పోయినా ఫ్లాటు మీద మనసు నిలవలేదు. వరద రాని చోట కొనాలనుకున్నాను. వేసవిలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో అడగాలని నాకు తట్టలేదు. మా అమ్మ ఆర్మూరు నుంచి ఫోన్‌లో అననే అంది: "ఒక్కదానివి ఉంటవు, నీకెన్ని బిందెల నీళ్లు పడతయి?" నేనూ అదే అనుకున్నాను.

ఆ ఏడాది రిజిస్ట్రేషన్లు సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా ఆగిపోయి ఉండటంతో 2021 జనవరిలో నా పని అయింది. అప్పుడు స్టాంపు డ్యూటీ వగైరా అన్నీ కలిపి 6 శాతం. ఆ జూలైలోనే 7.5 అయింది. మార్చిలో గృహప్రవేశం చేశాను.

మొదటి రెండేళ్లు నేను ఈ ఇంటిని ఎంత పొగిడానో నా స్నేహితులకి తెలుసు. అమీన్‌పూర్ పెద్దచెరువు మాకు నడక దూరం. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. చలికాలంలో ఫ్లెమింగోలు వచ్చి నీళ్లలో నిలబడితే ఆదివారం ఉదయం రెండు గంటలు గట్టు మీదే గడిచిపోయేవి. రాత్రి పదయ్యాక కుక్కల అరుపులు తప్ప చప్పుడుండదు. రెండో గదిలో కుట్టు మిషను పెట్టుకున్నాను. విద్యానగర్ గదిలో దాన్ని మంచం కిందికి తోసి దాచుకునేదాన్ని. ఆ రోజుల్లో అడిగిన ముగ్గురికి కళ్లు మూసుకుని శివారులోనే కొనమని చెప్పాను. ఒకరు కొన్నారు కూడా.

ఇక 2024 వేసవి. అంతకు ముందు ఏడాది ఆగస్టులో వానే లేదు. 1901 నుంచి దేశంలో అంత తక్కువ వాన పడ్డ ఆగస్టు లేదని వాతావరణ శాఖ చెప్పింది. మన హైదరాబాద్ చుట్టూ అంతా గట్టి రాయి. నీళ్లు ఆ రాతి పగుళ్లలోనే ఉంటాయి. పగులు ఎండితే బోరు ఎంత లోతుకి దింపినా దుమ్మే. మాకు రెండు బోర్లు. ఫిబ్రవరిలో ఒకటి, మార్చి మూడో వారంలో రెండోది ఆగిపోయాయి. రెండోదాన్ని పదకొండు వందల అడుగుల దాకా దింపారు, తడి తగల్లేదు. అప్పటికి మా వీధికి మున్సిపల్ లైను లేదు. నలభై ఎనిమిది ఫ్లాట్లూ ట్యాంకర్ మీద పడ్డాయి. జనవరిలో వెయ్యి రూపాయలున్న పదివేల లీటర్ల ట్యాంకరు ఏప్రిల్‌కి పద్దెనిమిది వందలైంది. అదీ రాత్రి బుక్ చేస్తే మర్నాడు మధ్యాహ్నం వచ్చేది. అందుకే పై ట్యాంకు నుంచి రోజుకి రెండుసార్లే వాల్వు తిప్పుదామని అసోసియేషన్ నిర్ణయించింది.

మొదటి మూడు రోజులు ఆఫీసు నుంచి రెండు లీటర్ల సీసాలు రెండు నింపుకుని మెట్రోలో, తర్వాత మియాపూర్ నుంచి షేర్ ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. నాలుగో రోజు పొద్దున వంటగది నల్లా కింద డ్రమ్ము పెట్టి, నల్లా తిప్పి వదిలేసి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి గుమ్మం దాకా నీళ్లు. కింది ఫ్లాటు వాళ్ల హాలు సీలింగ్ తడిసి పెచ్చు ఊడింది. నేను నేల తుడుస్తుంటే గ్రూపులో నా ఫ్లాటు నంబరుతో ఫొటో వచ్చింది, "నీళ్లు వృథా" అని. అయిదు వందలు జరిమానా. మూడు రోజులుగా స్నానానికి ఒక్క బకెట్టు సరిపెట్టుకున్న మనిషికి నీళ్లు వృథా చేసిందని జరిమానా పడింది. ఆ రాత్రి నేను ఏడ్చాను. ఇప్పటికీ ఆ ఫొటో నా ఫోన్‌లో ఉంది.

మర్నాడు పక్క ఫ్లాటు ఆంటీ తలుపు కొట్టారు. అంతకు ముందు మూడేళ్లలో మా మధ్య మాటలు లిఫ్టులో "బాగున్నావా బిడ్డా" దాకానే. "తాళం చెవి ఇచ్చి పో. మావి పట్టుకున్నాక నీవి పడత" అన్నారు. జూన్ రెండో వారం దాకా రోజూ నా రెండు బకెట్లు, ఒక డ్రమ్ము ఆమే నింపారు. మోకాళ్ల నొప్పి ఉన్న మనిషి. నేను తెచ్చిన పళ్లు తీసుకున్నారు, డబ్బు మాట ఎత్తితే కోప్పడ్డారు. ఈ అపార్ట్‌మెంట్‌ని నేను పూర్తిగా తిట్టలేకపోవడానికి ఆమే కారణం. కానీ ఇల్లు కొనేటప్పుడు పక్కింట్లో అలాంటి ఆంటీ ఉంటారని ఏ బ్రోచరూ హామీ ఇవ్వదు.

నెలాఖరున ట్యాంకర్ బిల్లు వచ్చింది. అరవై ట్యాంకర్లు, లక్షా ఎనిమిది వేలు, ఫ్లాటుకి 2,250. నేను ఆ నెల వాడింది మూడు వేల మూడు వందల లీటర్లకి మించదు. నా డ్రమ్ము, నా బకెట్లు లెక్కపెట్టి చెబుతున్నాను. వాడకం ప్రకారం నా వాటా ఆరు వందలు. మీటింగ్‌లో లేచి మనిషికింత చొప్పున వేయమని అడిగాను. "ఫ్లాటుకింత అనే కదమ్మా రూలు. ఒక్కరే ఉండటం మీ ఇష్టం" అన్నారు ఒక పెద్దాయన. ఆయన ఇంట్లో ఏడుగురు. ఆ మాట నాకు ఇంకా గుచ్చుకుంటుంది. రూలు ఆయన చెప్పినట్టే ఉంది, ఆయన తప్పు పలకలేదు. కొనేముందు నేను చదవని కాగితాల్లో అది రాసే ఉంది.

ఫ్లాటుకో మీటరు పెడదామన్నప్పుడు ఇంకో సంగతి బయటపడింది. మా ఫ్లాట్లలోకి నీళ్లు ఒకే పైపుతో రావు. రెండు బాత్రూములకి చెరొకటి, వంటగదికొకటి, వాష్ ఏరియాకొకటి, మొత్తం నాలుగు పైపులు పై ట్యాంకు నుంచి విడివిడిగా దిగుతాయి. అంటే ఒక్కో ఫ్లాటుకి నాలుగు మీటర్లు. ఈ ఖర్చు మీద నెలల తరబడి తర్జనభర్జన నడిచింది. చివరికి 2025 ఫిబ్రవరిలో పెట్టారు. ఆ వేసవిలో నా నీళ్ల బిల్లు నెలకి నాలుగు వందలు దాటలేదు. చిత్రమేమిటంటే అందరి వాడకమూ తగ్గింది, వాల్వు కట్టే అవసరమే రాలేదు. బాగా వానలు పడ్డ ఏడాది తర్వాతి వేసవి కాబట్టి దాన్నిబట్టే మంచి రోజులొచ్చాయని చెప్పలేను.

మా ఆఫీసులో నాతో పనిచేసే అమ్మాయి, నాలాగే ఒక్కతే, బర్కత్‌పురాలో పాత ఫ్లాటు కొనుక్కుంది. ఆ 2024 ఏప్రిల్‌లో ఆమెకి రోజు విడిచి రోజు నల్లా వచ్చింది. ధార సన్నగా వచ్చినా సంపులోకి అదే చేరుతుంది, అక్కడినుంచి పై ట్యాంకుకి, కాబట్టి ఆ వేళకి ఆమె ఇంట్లో ఉండనక్కర్లేదు. 2021 జనవరిలో జీహెచ్ఎంసీ పరిధిలో నెలకి ఇరవై వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం చేశారు. ఆధార్ జతచేసి, మీటరు ఉంటే చాలు. ఆమెకి బిల్లే రాదు. అప్పట్లో మాది ఆ పరిధి కాదు. అలాగని ఆమె సుఖంగా ఉందని కాదు. వాన గట్టిగా పడితే డ్రైనేజీ వెనక్కి తన్ని బాత్రూములోకి వస్తుంది. వాళ్ల అమ్మగారు ఆ మెట్లు ఎక్కలేక రావడం మానేశారు. మా అమ్మ ఇక్కడ లిఫ్టులో హాయిగా వచ్చి పోతుంది.

అందుకని 2021లో చెప్పినంత గట్టిగా ఇప్పుడు చెప్పలేను. పగలు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేవాళ్లకి, ఇంటినుంచే పనిచేసేవాళ్లకి, పటాన్‌చెరు వైపు ఉద్యోగాలున్నవాళ్లకి మా వైపు బాగానే ఉంటుంది. ఒక్కరే ఉండి ఊళ్లోకి రోజూ వెళ్లి వచ్చేవాళ్లు మాత్రం నాలా నవంబరులో ఇల్లు చూడొద్దు, ఏప్రిల్ నెలాఖరులో చూడండి. పోయిన వేసవి ట్యాంకర్ బిల్లులు అసోసియేషన్‌ని అడగండి. ఫ్లాటులోకి ఎన్ని పైపులు దిగుతున్నాయో ప్లంబర్‌ని తీసుకెళ్లి చూపించండి. వాల్వు ఏ వేళకి తిప్పుతారో వాచ్‌మన్‌ని అడగండి, అతను నిజం చెబుతాడు.

నేనైతే అమ్మేద్దామని రెండుసార్లు అనుకుని ఆగాను. బ్యాంకులకి రిజర్వ్ బ్యాంకు అప్పిచ్చే వడ్డీ, అదే రెపో రేటు, 4 నుంచి 6.5 శాతానికి పోయినప్పుడు నా లోను గడువు ఆరేళ్లు సాగింది. ఇప్పుడిప్పుడే తగ్గుతోంది. కుట్టు మిషను గది వదులుకోవడం కూడా నాకు కష్టమే. మా వీధిలో మున్సిపల్ పైపు వేశారు, అసోసియేషన్ కనెక్షన్‌కి దరఖాస్తు పెట్టింది. వచ్చే ఏప్రిల్ దాకా చూస్తాను. ఆంటీ వాళ్లు మాత్రం జనవరిలో కొడుకు దగ్గరికి వెళ్లిపోతున్నారట. ఆ ఫ్లాటు అద్దెకిస్తారో అమ్ముతారో ఇంకా తెలియదు.