డ్రైవర్ అక్కర్లేని 50 వాట్ల ఎల్ఈడీ ప్లేట్లు: కొనేముందు ఇది చదవండి

సొంతంగా లైటు చేసుకునేవాళ్ళందరికీ చెప్తున్నా. డ్రైవర్ అంటే ఇంటి కరెంటును ఎల్ఈడీకి తగినట్టు మార్చి ఇచ్చే చిన్న డబ్బా. "డ్రైవర్ అవసరం లేదు, నేరుగా 230 వోల్టులకు కలిపేయండి" అంటూ అమ్మే 50 వాట్ల ఎల్ఈడీ ప్లేట్లు, ముఖ్యంగా హీట్‌సింక్‌తో (వేడిని లాగి గాలికి వదిలే లోహపు ముక్క) కలిపి కిట్టుగా ఇచ్చేవి కొనకండి. ఇప్పటికే కొని రేకు డబ్బాలోనో అల్యూమినియం బాడీలోనో బిగించి ఉంటే మళ్ళీ స్విచ్ వెయ్యకండి. మెయిన్ ఆపి, విప్పి చూడండి.

తెనాలి దగ్గర మా ఇంటి గేదెల పాక కోసం ఆన్‌లైన్‌లో ఒక కిట్టు కొన్నాను. పాకలో స్తంభాలన్నీ ఇనుప పైపులే, కింద ఎప్పుడూ తడే, అందుకే హీట్‌సింక్‌కు స్క్రూ వేసి ఎర్త్ వైరు లాగాను. మొదటి అరగంట వెలుగు చాలా బాగుంది. తర్వాత ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్, పడిపోయింది. ఎత్తితే మళ్ళీ పడింది. లైటు చల్లారాక ఎత్తితే మాత్రం నిలబడింది, మళ్ళీ వేడెక్కగానే పడింది. ఎలక్ట్రీషియన్ మెగ్గర్ (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) తెచ్చి చూస్తే చల్లగా ఉన్న ప్లేటుకు రీడింగ్ బాగానే ఉంది, వేడి మీద చూస్తే దాదాపు సున్నా. అంటే వేడెక్కిన ప్రతిసారీ ఫేజ్ నేరుగా హీట్‌సింక్ మీదికి వస్తోంది. ఎర్త్ గానీ, మా ఇంట్లో ఆర్‌సీసీబీ గానీ లేకపోయి ఉంటే, లైటు బిగించిన ఆ పైపును మొదట ముట్టుకునేది పాలు పిండడానికి వెళ్ళే మా అమ్మో, గేదో.

అమ్మినవాళ్ళకు మెసేజ్ పెడితే వచ్చిన సమాధానం చూడండి: "కొద్దిగా లీకేజీ అన్ని ఎల్ఈడీలకూ మామూలే సార్, ఎర్త్ వైరు తీసేయండి, ట్రిప్ అవదు." ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఈ ఒక్క మాటే. వస్తువు చెడిపోవడం ఎక్కడైనా జరుగుతుంది, కానీ ప్రాణం కాపాడే వైరు పీకేయమని కొన్నవాడికి చెప్పడం ఏమిటండీ!

ఆ మాటలో సగం నిజం ఉంది కాబట్టే చాలామంది నమ్ముతారు. ఇలాంటి ప్లేటుకు టెస్టర్ పెడితే మంచిదైనా కాస్త వెలుగుతుంది, ఎందుకంటే పైన రాగి, కింద అల్యూమినియం, మధ్యలో పలుచని ఇన్సులేషన్ ఉండి మొత్తం ఒక చిన్న కెపాసిటర్‌లా పనిచేస్తుంది. కానీ అలా కారేది మైక్రోఆంపియర్లలో ఉంటుంది. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ 15 మిల్లీఆంపియర్లకు లోపు అసలు పడకూడదు. అది పడిందంటే వందల రెట్లు ఎక్కువ కరెంటు పోతున్నట్టే, దాన్ని మామూలు లీకేజీ అనడానికి వీల్లేదు.

ఇక్కడ వేడి సమస్య, షాక్ సమస్య రెండూ ఒకటే అని అర్థం చేసుకోవాలి. ఎల్ఈడీకి ఇచ్చిన కరెంటులో సగానికి పైగా వేడిగా మారుతుంది, ఆ వేడి ప్లేటు వెనక నుంచే బయటికి పోవాలి. వేడి తొందరగా దాటాలంటే రాగికీ అల్యూమినియానికీ మధ్య పొర పలుచగా ఉండాలి, మామూలుగా అది వెంట్రుక మందమే ఉంటుంది. డ్రైవర్ లేని ప్లేటులో ఫేజ్‌కూ మీ చేతికీ మధ్య ఉన్నదల్లా ఆ పొరే. మెయిన్స్ 230 అంటాం గానీ ప్రతి సైకిల్లోనూ అది 325 వోల్టుల దాకా లేస్తుంది. నాకు వచ్చిన ప్లేటులో రాగి గీతకూ అంచుకూ మధ్య ఒక మిల్లీమీటర్ కూడా లేదు, స్క్రూ రంధ్రాల దగ్గర ఇంకా దగ్గరగా ఉంది, మామూలు స్క్రూ తల గీతను తాకేంత. అంచున కోసిన చోట అల్యూమినియం మొనలు అలాగే వదిలేశారు.

హీట్‌సింక్ సంగతి: అది రెక్కలు లేని ఒక బద్ద, అంతే. 50 వాట్లు అని రాసి ఉన్నా వాట్ మీటర్‌లో 36 దాటలేదు, అయినా వేలు పెట్టలేనంత కాలింది. ప్లేటు మీదున్న ఐసీలు (చిన్న చిప్పులు) ఎక్కువైన వోల్టేజీని వేడిగా తగలబెట్టేస్తాయి, కాబట్టి పల్లెల్లో అర్ధరాత్రి లోడు తగ్గి 250 దాటినప్పుడు పరిస్థితి ఇంకా ఘోరం. థర్మల్ పేస్ట్ ఎంత బాగా రాసినా ఆ బద్ద వేడిని గాలికి వదలలేదు. ఫ్యూజు లేదు, సర్జ్, అంటే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీని, తట్టుకునే ఎంఓవీ అనే భాగం లేదు.

డబ్బు వెనక్కి అడిగితే ఇంకో పీసు పంపుతామన్నారు. నేను ఒప్పుకోలేదు, 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టాను. మీరూ ఇలాంటిది కొని ఉంటే చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి, "ఎర్త్ తీసేయండి" అని ఎవరైనా రాసిస్తే అది గట్టి సాక్ష్యం.

లైటు చేసుకోవాలనుకుంటే ఇలా చేయండి. 30 నుంచి 36 వోల్టుల కాబ్ ఎల్ఈడీ (చాలా ఎల్ఈడీలు ఒకే ముక్కలో ఉండేది), దానికి ఐసోలేటెడ్ కాన్‌స్టంట్ కరెంట్ డ్రైవర్ (మెయిన్స్‌కూ ఎల్ఈడీకీ నేరుగా సంబంధం లేకుండా, కరెంటును ఒకే స్థాయిలో ఇచ్చేది) విడిగా కొనండి. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతాయి, కాకపోతే "ఐసోలేటెడ్" అని గట్టిగా అడగాలి, చవక డ్రైవర్లలో చాలావాటికి ఐసోలేషన్ ఉండదు. డ్రైవర్ మీద ఐఎస్ 15885 (ఎల్ఈడీ డ్రైవర్ల భద్రతా ప్రమాణం) అనీ, బీఐఎస్ ఆర్-నంబరూ (ప్రభుత్వ ప్రమాణాల సంస్థ రిజిస్ట్రేషన్ నంబరు) ఉండాలి, ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. కరెంటు లేనప్పుడు ఇన్‌పుట్ వైరుకూ అవుట్‌పుట్ వైరుకూ మధ్య మల్టీమీటర్ పెట్టండి, ఓపెన్ చూపించాలి. 50 వాట్ల కాబ్‌కు 1500 మిల్లీఆంపియర్లు ఇవ్వొచ్చు గానీ 1200 ఇస్తే వెలుగు పెద్దగా తగ్గదు, వేడి బాగా తగ్గుతుంది. రెక్కలున్న పెద్ద హీట్‌సింక్ తీసుకుని, రెక్కలు నిలువుగా ఉండేలా బిగించండి. ఇంత చేసినా ఎర్త్ మాత్రం వదలొద్దు.

ఇంకో ముఖ్యమైన మాట. ఫ్లడ్ లైట్ కాలిపోతే చాలా రిపేరు షాపుల్లో పాత డ్రైవర్ తీసేసి ఇదే ప్లేటు అతికించి ఇస్తున్నారు, చవకగా అవుతుందని. అవే లైట్లు వినాయక చవితికి అద్దెకు వస్తాయి, వానలో, ఇనుప గొట్టాల మీద, పక్కనే పిల్లలు. మండపం కట్టేవాళ్ళు తీసుకునేముందు ప్లగ్గు పెట్టకుండానే వెనక మూత విప్పించండి, లోపల డ్రైవర్ ఉందో లేదో కంటికి కనిపిస్తుంది. ప్లగ్గు మూడో పిన్నుకూ (ఎర్త్ పిన్ను) లైటు బాడీకీ కంటిన్యుటీ, అంటే దారి తెగకుండా ఉందో లేదో, మల్టీమీటర్‌తో చూడండి. రెండింట్లో ఏది లేకపోయినా ఆ లైటు అక్కడే తిరిగి ఇచ్చేయండి.