చూపు వెనక మెదడులోనే పుడుతుందా, నుదుటి దాకా వెళ్లాలా: ఏది మేలు?

చలికాలం పొద్దున్నే సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడితే, మంచులో నీటి మీద నల్లగా ఏదో తేలుతూ వస్తుంది. ఈదుకొస్తున్న గేదె తలే అనుకుంటాం, కొమ్ములు కూడా కనబడతాయి. "గేదె కాదండీ, గుర్రపుడెక్క" అని పక్కాయన అనగానే కొమ్ములు మాయం. కంట్లో పడే వెలుగు అదే. మారిందల్లా మెదడు పై ప్రాంతాల నుంచి కిందికి దిగిన కబురు.

కాలువ నీరు బ్యారేజీ నుంచి శివారుకి పల్లానికే పారుతుంది గానీ, శివారు రైతు ఫోన్ చేస్తేనే లస్కరు తలుపు ఎత్తుతాడు. మెదడులోనూ, కంటి నుంచి వచ్చేదానికి ఎదురు నడిచే ఇలాంటి కబుర్లకు దారులు తక్కువేం కాదు. కంటికీ, కార్టెక్స్ అనే మెదడు పైపొరకీ మధ్య, మెదడు నడిబొడ్డునున్న థాలమస్‌లో ఒక మజిలీ ఉంది. అక్కడి నాడీ సంధుల్లో కంటి నుంచి వచ్చేవి పదో వంతుకు మించవు. కార్టెక్స్ నుంచి వెనక్కి దిగేవే వాటికంటే ఎక్కువ.

తగాదా అల్లా, స్పృహతో చూడాలంటే ఆ కబురు ఎంత దూరం నుంచి తిరిగి రావాలన్నదే. ఆమ్‌స్టర్‌డామ్‌కు చెందిన మెదడు శాస్త్రవేత్త విక్టర్ లామ్ లెక్కలో, తల వెనక ఉన్న దృశ్యప్రాంతాలు తమలో తాము కబురు తిప్పుకుంటే చాలు, చూసిన అనుభవం పుట్టేస్తుంది. దాన్ని నోటితో చెప్పగలగడం వేరే సంగతి. బెర్నార్డ్ బార్స్ 1988లో ఎత్తుకున్న వాదం వేరు. ఫ్రాన్సులో స్టానిస్లాస్ దెహేన్ దాన్ని నాడీకణాల లెక్కల్లోకి దింపాడు. కబురు నుదుటి వెనకున్న ప్రాంతాలకు చేరి, మెదడంతా చాటింపు పడితేనే స్పృహ అంటారు వీళ్లు.

నన్ను లామ్ వైపు లాగింది 2001లో పాస్కువల్-లియోన్, వాల్ష్ చేసిన ప్రయోగం. కదలికను పట్టే ప్రాంతాన్ని తల పైనుంచే అయస్కాంతంతో తడితే, కళ్ల ముందు కదిలే మెరుపు కనబడుతుంది. కొన్ని పదుల మిల్లీసెకన్లలోపు కంటి కబురు కార్టెక్స్‌లో ముందుగా చేరే మొదటి దృశ్యప్రాంతాన్ని కూడా తడితే ఆ కదలిక కనబడటం దెబ్బతింటుంది. పైవాడు పంపాడు, కింద అందుకునేవాడు లేడు. అయితే తిరుగు కబురు అవసరమని ఇది చూపిస్తుంది గానీ, అదొక్కటే చాలునని కాదు.

రెండో పక్షానికీ బలముంది. కెటమిన్, ప్రొపొఫాల్, సెవోఫ్లురేన్ మూడూ మూడు రకాల మత్తుమందులు. అమలాపురంలో ఆపరేషన్ బల్లెక్కినా ఇంకెక్కడ ఎక్కినా, నిద్రపుచ్చేవి ఇలాంటివే. 2013లో చూస్తే మూడింటిలోనూ తగ్గింది నుదుటి వైపు నుంచి వెనక్కొచ్చే కబురే. కానీ 2025లో అచ్చైన పెద్ద పరీక్షలో, 256 మందిని చూస్తే, బొమ్మ తెర మీంచి పోయే క్షణాన ముందు మెదడు మళ్లీ భగ్గుమంటుందన్న దెహేన్ పక్షం జోస్యం పెద్దగా ఫలించలేదు. (అక్కడ ఎదుటి పక్షం లామ్ కాదు. మెదడులో సమాచారం విడదీయలేనంతగా ముడిపడటమే స్పృహ అనే సమాచార సమీకరణ వాదులు. వాళ్లకీ దెబ్బలు తగిలాయి.)

చూడటం వరకే అయితే నేను లామ్‌కే ఓటేస్తాను. చూసింది గుర్తుపెట్టుకోవడం, దాని మీద మాట్లాడటం దెహేన్ వాదం బాగా వివరిస్తుంది. లామ్‌కున్న చిక్కల్లా, చెప్పలేని అనుభవాన్ని పరీక్షించడమెలా అన్నదే. "కనబడిందా?" అని అడిగామా, జవాబు చెప్పే పనికే ముందు మెదడు లేచి కూర్చుంటుంది. అందుకే 2014లో ఒక బృందం అడగడం మానేసింది. రెండు కళ్లకూ వేర్వేరు బొమ్మలు చూపించి, ఏ క్షణాన ఏది కనబడుతోందో కనుపాప సైజు, కంటి కదలికలను బట్టే పట్టుకుంది. జవాబు చెప్పక్కర్లేనప్పుడు ముందు మెదడులో సందడి చాలావరకు తగ్గిపోయింది.