హో నది ట్రైల్: వరద తర్వాత నాన్నతో వెళ్ళొచ్చాం

2024 డిసెంబర్ వరదల్లో అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో హో నది గట్టు కోసుకుపోయి, ఒలింపిక్ నేషనల్ పార్కులోని హో రెయిన్ ఫారెస్ట్‌కి వెళ్ళే ఒకే ఒక్క రోడ్డు తెగిపోయింది. రాష్ట్రం 6 లక్షల డాలర్లకు పైనే ఇచ్చింది, జనం చందాలు కూడా వేశారు, 2025 మే 8న మళ్ళీ తెరిచారు. నాన్న రాజమండ్రి నుంచి వచ్చి సియాటిల్ పక్కన బెల్‌వ్యూలో మా ఇంట్లో ఉన్నారు. ఆయన వెళ్ళిపోయేలోపు ఈ అడవి చూపించాలని నా పట్టుదల, అందుకే మే నెలాఖరులో బయలుదేరాం.

ముందు రాత్రి ఆ దగ్గర్లోని ఫోర్క్స్ అనే చిన్న ఊళ్ళో ఒక మోటెల్‌లో ఉన్నాం. హీటర్ పనిచేయలేదు, చెప్తే ఒక దుప్పటి ఇచ్చి ఊరుకున్నారు, పెద్దాయనతో ఉన్నామని టెన్షన్ పడ్డాను. అయినా హో కోసమైతే ఫోర్క్స్‌లో ఉండడమే మేలు, గంటలోపే చేరిపోవచ్చు. పెట్రోల్ అక్కడే కొట్టించుకోండి, లోపల బంకు లేదు, ఫోన్ సిగ్నల్ కూడా రాదు.

ఏడున్నరకే గేటు దాటాం కాబట్టి పార్కింగ్ దొరికింది, మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి గేటు బయట కార్ల బారు చూసి పొద్దున్నే లేచిన కష్టమంతా మర్చిపోయాం. కారుకి 30 డాలర్లు, వారం చెల్లుతుంది. హాల్ ఆఫ్ మాసెస్ అనే చిన్న ట్రైల్ ఒక మైలు కూడా లేదు, అందంగానే ఉంటుంది గానీ జనమంతా అక్కడే. అసలు అడవి చూడాలంటే నది ట్రైల్ పట్టుకోవాల్సిందే.

ట్రైల్ దాదాపు చదునుగా ఉంటుంది, నాన్నకి ఇబ్బంది కాలేదు. చలికాలం గాలికి పడిన చెట్లని చాలాచోట్ల దారి మేరకు కోసి తీసేశారు, కోసిన చోట చెక్క ఇంకా పచ్చిగా, లేత గులాబీ రంగులో, తడి రంపపు పొట్టు వాసనతో ఉంది. రెండు చోట్ల మాత్రం దుంగ కింద నుంచి వంగి దూరాం. ఎప్పుడో పడి నాచు పట్టిన ఒక మానుని నాన్న చాలాసేపు చూశారు, దాని వీపు మీద వేలెడంత హెమ్లాక్ (సూది ఆకుల చెట్టు) మొక్కలు వరసగా మొలిచి ఉన్నాయి. "నారుమడి పోసినట్టుందమ్మా" అన్నారు.

దాదాపు మూడు మైళ్ళ దగ్గర, మౌంట్ టామ్ క్రీక్ దాకా వెళ్ళి నది ఒడ్డున కూర్చుని పులిహోర తిన్నాం. ఒలింపస్ పర్వతం మీది హిమానీనదాలు రాయిని నూరిన పొడి కలిసి నీళ్ళు బియ్యం కడుగులా తెల్లగా, కాస్త నీలంగా ఉంటాయి. అవతలి గట్టు నిలువునా తెగి, చెట్ల వేళ్ళు గాలిలో వేలాడుతున్నాయి. "మన లంకల్లో గోదారి కూడా ఇలాగే కోస్తుంది" అని, ఆ తర్వాత చాలాసేపు నాన్న ఏమీ మాట్లాడలేదు.

ఓపిక ఉంటే ఇదే ట్రైల్‌లో ఇంకా ముందున్న ఫైవ్ మైల్ ఐలండ్ దాకా వెళ్ళండి, రానూపోనూ పది మైళ్ళు. బయలుదేరే ముందు పార్కు వెబ్‌సైట్‌లో రోడ్డు పరిస్థితి తప్పకుండా చూసుకోండి, ఎండగా ఉన్నా రెయిన్‌కోటు వదలకండి.